పౌడరు పంటినొప్పి

ఆ వీధిలో జుట్టు పెరిగినవాళ్ళకి రెండు దారులున్నాయి. పెద్దరోడ్డు మీది అద్దాల సెలూనుకి వెళితే ఇట్టే పని ముగించుకుని వచ్చేయొచ్చు. ఒక్కనిమిషం బాబాయి షాపుకి వెళితే పేపరు మొత్తం, ప్రకటనలతో సహా, చదవడం పూర్తవుతుంది. అయినా సగం వీధి బాబాయి దగ్గరికే వెళుతుంది. ఆయన చేతిలో కత్తెర చప్పుడు వింటుంటే చూరు కింద వాన వింటున్నట్టు కళ్ళు మూతలు పడతాయని ఒకాయన అన్నాడు. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో బాబాయికి ఇప్పటికీ తేలలేదు.

గుమ్మంలో ఎవరి నీడ పడినా, కుర్చీలో ఉన్న తల మీంచి చూపు తిప్పకుండా "ఒక్క నిమిషం, కూర్చోండి" అనడం ఆయన అలవాటు. ఆ నిమిషం ఎంత పొడుగో గడియారాలు బాగుచేసేవాళ్ళు కూడా చెప్పలేరు. వీధి ఆ మాటనే ఆయనకి పేరుగా తగిలించింది.

ఆయన మాట ఆయనకే అప్పజెప్పినవాడు ఒక్కడే ఉన్నాడు. చాలా ఏళ్ళ క్రితం ఎవరో కొత్త మనిషి గడ్డం గీయించుకుని, తన సంచీ బెంచీ కింద పెట్టి, "ఒక్క నిమిషం, ఇప్పుడే వస్తా" అని వెళ్ళాడు. ఇంకా రాలేదు. సంచీలో కుక్కపిల్ల ఉంది. అది బయటికొచ్చి, అద్దం కింది అరని తలతో ఢీకొట్టి, పౌడరు డబ్బా నెత్తిమీద పడేసుకుని తుమ్మింది. అలా దాని పేరు పౌడరయింది.

పౌడరు ఇప్పుడు ముసలిది. రోజంతా కుర్చీ పక్కన, రాలిన జుట్టు మీద పడుకుంటుంది. నల్లవి, నెరిసినవి, రంగేసినవి, వీధిలో అందరి వయసులూ దాని పొట్ట కింద ఒక్కటైపోతాయి. బాబాయి ఊడ్చేటప్పుడు దాన్ని పక్కకి జరగమనడు. దాని చుట్టూ ఊడుస్తాడు. అందుకే ఆ నేల మీద ఎప్పుడూ కుక్క ఆకారంలో ఒక మేఘం మిగిలి ఉంటుంది.

కొన్నాళ్ళుగా పౌడరు రొట్టె ముక్క నోట పట్టుకుని, మళ్ళీ మెల్లగా కింద పెట్టేస్తోంది.

"దాచుకుంటోంది. ముసలితనంలో పొదుపు వస్తుంది కదా" అన్నాడు బాబాయి.

"దాచుకోవడం కాదండీ, నమల్లేకపోతోంది" అంది ఆయన భార్య. వీధికంతటికీ ఆవిడ పిన్ని. ఇంటి ముందుగదిలో మిషను మీద దిండు గలీబులు కుడుతుంది. సూదిలో దారం ఎక్కించే కళ్ళు ఆవిడవి. వాటి నుంచి ఏదీ తప్పించుకోదు. "ఎడమ కన్ను కింద చూడండి, ఎలా ఉబ్బిందో."

బాబాయి చూశాడు. తన చేతుల్లోకి ఎన్ని దవడలు వచ్చి వెళ్ళాయో ఆయనకే తెలీదు. పంటినొప్పి ఉన్న చెంప మీద కత్తి ఆనితే మనిషి ఎలా బిగుసుకుంటాడో తెలుసు. పౌడరు చెంప మీద వేలు ఆనించాడు. అది అరవలేదు, కరవలేదు. ఊపిరి ఆపేసింది. అంతే, ఆ రోజు బాబాయి కబుర్లు ఆగిపోయాయి. దాని గడ్డం కింద నుంచి నడినెత్తి దాకా తువ్వాలు కట్టి ముడి వేశాడు. షాపుకి వచ్చినవాళ్ళంతా నవ్వారు. ఆయన నవ్వలేదు.

కుక్కల డాక్టరు ఆసుపత్రి పక్క వీధి చివర ఉంది. తల మీద ఎప్పుడూ ఆకుపచ్చ టోపీతో కనిపించే ఆయన, ముందు ఆ తువ్వాలు విప్పించాడు.

"ఇదెవరు కట్టారు?"

"నేనేనండీ. మా చిన్నప్పుడు పన్ను నొప్పెడితే ఇలాగే కట్టేవాళ్ళు."

"తగ్గేదా?"

"లేదండీ."

డాక్టరు పౌడరు పెదవి ఎత్తి చూసి, వాసనకి మొహం పక్కకి తిప్పుకున్నాడు. "వెనక పళ్ళు బాగా పుచ్చిపోయాయి. కంటి కింద వాపంతా చీము. చాలా నొప్పిగా ఉండుంటుంది. ఇవి మనలాగా ఊరంతా చెప్పుకోవు కాబట్టి తెలీదు. పాడైనవన్నీ తీసేయాలి."

"తీసేయండి. పన్నుకి ఎంత?"

"పన్ను లెక్కన ఉండదండీ. మత్తివ్వాలి. ముసలి ప్రాణం కాబట్టి ముందు రక్తపరీక్ష చేసి, గుండె చూడాలి. ఎక్స్‌రే తీయాలి. తర్వాత మందులు." అన్నీ కలిపి ఎంతవుతుందో కూడా చెప్పాడు.

ఆ మాట విన్నాక బాబాయి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎదుటిమనిషి మాట్లాడటానికి చోటిచ్చాడు. తేరుకుని, "అన్నీ ఒకేసారి తీస్తారు కదా, గుత్తగా చూసి కాస్త తగ్గించరూ?" అన్నాడు.

"గుత్తకి తీసుకోవడానికి ఇదేమన్నా తోటా?" డాక్టరు నవ్వాడు కానీ, మాత్రలు రాసిస్తూ నవ్వు ఆపేశాడు. "ఇవి నొప్పిని కొంచెం జోకొడతాయి, అంతకన్నా చెయ్యవు. ఎక్కువ రోజులు నాన్చకండి. చీము కంటిదాకా పాకితే నా చేతిలో కూడా ఉండదు."

ఇంటికొచ్చాక పిన్ని మిషను మీద చెయ్యి వేసింది. "దీన్ని అమ్మేద్దామా?"

"అమ్మితే నువ్వు రోజంతా నాలాగే మాట్లాడుతూ కూర్చుంటావు. ఇద్దరం మాట్లాడితే వినేదెవరు?" అన్నాడాయన. మిషను దగ్గరికి వెళ్ళి దాని మీద గుడ్డ కప్పి వచ్చాడు, ఎవరూ చూడకూడదన్నట్టు.

మర్నాడు షాపు అద్దం మీద కొత్త రేట్లు రాసిన కాగితం అంటించాడు. మొదటి గిరాకీగా టైపు మాస్టారు వస్తుండటం దూరం నుంచి చూసి, ఆయన గుమ్మం ఎక్కేలోపే పీకి జేబులో పెట్టుకున్నాడు. టైపు మాస్టారు ఒకప్పుడు టైపు నేర్పేవాడు. ఇప్పుడు నేర్చుకునేవాళ్ళు లేక, బెంచీ అంచు మీద వేళ్ళు ఆడిస్తూ అందరికీ సలహాలు చెబుతుంటాడు.

"ముసలి కుక్క. ఇంకెన్నాళ్ళుంటుందని దానికంత ఖర్చు?" అన్నాడు మాస్టారు, కుర్చీలో కూర్చుంటూ.

బాబాయి ఆయన మెడకి గుడ్డ కట్టి, నెత్తి మీద మిగిలిన నాలుగు పోగుల్నీ దువ్వెనతో లేపాడు. "మీ జుట్టు మాత్రం ఇంకెన్నాళ్ళుంటుంది మాస్టారూ? అయినా నెలనెలా వచ్చి కత్తిరించుకోవడం లేదూ?"

మాస్టారి వేళ్ళు బెంచీ కోసం వెతికాయి. దొరక్క, గుడ్డ కిందే ఏదో టైపు చేసుకున్నాయి.

అలా కత్తెర ఆడిస్తుండగానే బాబాయికి ఆలోచన వచ్చింది. సాయంత్రం పిన్నికి చెప్పాడు. "డాక్టరు గారికి జీవితాంతం ఉచితంగా జుట్టు కత్తిరిస్తానని చెబుతా. దానికి బదులుగా మన పౌడరు పళ్ళు."

"ఆయన తల ఎప్పుడైనా చూశారా?"

"డాక్టరన్నాక తల ఉండదా?"

"తల ఉంటుంది లెండి" అంది పిన్ని, దారం కొరికి. అంతకు మించి చెప్పలేదు. భర్త వెళ్ళి చూసుకుని రావడంలో ఉన్న సుఖాన్ని చెడగొట్టడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

పౌడరుని వెంటబెట్టుకెళ్ళిన బాబాయి దారి పొడవునా వల్లె వేసుకున్న మాటల్ని డాక్టరు ఓపిగ్గా విన్నాడు. విని, టోపీ తీశాడు. ట్యూబులైటు వెలుగు ఆ తల మీద పడి, పౌర్ణమి నాటి చెరువులా మెరిసింది.

"ఎవరి జీవితాంతం బాబాయి గారూ? మీదా, నా జుట్టుదా? నా జుట్టుది ఎప్పుడో అయిపోయింది."

బాబాయి ఆ తల చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు, ఎక్కడైనా పని దొరుకుతుందేమోనని. "పోనీ గడ్డం?"

"పొద్దున్నే నేనే గీసుకుంటాను." డాక్టరు టోపీ పెట్టుకుని, మూలన నీరసంగా పడుకున్న పౌడరు వైపు చూశాడు. ఆ తర్వాత వరండాలో కట్టేసి ఉన్న ఇంకో కుక్క వైపు చూశాడు. దాని బొచ్చు ఉండలు కట్టి, ఎటు తల, ఎటు తోక అన్నది తెలీకుండా ఉంది. "మీరు కుక్కలకి చేస్తారా? ఇక్కడ బొచ్చు తీసే మనిషి మానేశాడు. మీ షాపు సెలవురోజుల్లో వచ్చి చెయ్యండి. పరీక్షలు రేపే చేసేస్తాను. కానీ ముందు మీ పని చూడాలి. దీని బొచ్చు మొత్తం తీసేయండి. వచ్చిన జంతువు బెదరకూడదు, తెచ్చినవాళ్ళు పోట్లాడకూడదు."

"తల ఎవరిదైనా తలేనండీ" అన్నాడు బాబాయి, గాల్లో తేలిపోతూ.

ఆ ఉండల కుక్క ఒక హెడ్మిస్ట్రెస్ గారిది. బాబాయి దాన్ని బల్లమీద నిలబెట్టి, మెడకి గుడ్డ కట్టాడు. తుస్సుతుస్సుమని నీళ్ళు చల్లాడు. "ఏం, మామూలేనా?" అని దాన్నే అడిగాడు. ఎండల గురించి మాట్లాడాడు, పెరిగిన ఇంటద్దెల గురించి మాట్లాడాడు. కుక్క కళ్ళు నెమ్మదిగా మూతలు పడ్డాయి. ఒంటి మీది ఉండలన్నీ శుభ్రంగా తీశాడు. తల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి తన అలవాటు ప్రకారం తను పోయింది. చెవుల ముందు సమంగా కత్తిరించి, నడినెత్తికి కాస్త ఎడంగా పాపిడి తీసి, మెడ వెనక పౌడరు అద్ది, చిన్న అద్దం వెనక పట్టుకుని మెడ దగ్గర ఎలా వచ్చిందో దానికి చూపించాడు.

అప్పుడే హెడ్మిస్ట్రెస్ గారు లోపలికొచ్చి, బడిగంట విన్నదానిలా ఆగిపోయింది.

"ఇదేంటి, అచ్చం మా ఆయనలా ఉంది!"

"వారికి కూడా నేనేనండీ కత్తిరించేది" అన్నాడు బాబాయి వినయంగా.

డాక్టరు వచ్చి ఆ పాపిడి కింద వేలు పెట్టి చూశాడు. ఆయన గొంతులో ఈసారి నవ్వు లేదు. "ఇక్కడ చర్మం ఎర్రగా పుండు పడింది, చూశారా? గాలి తగలాలి, మందు పట్టాలి. మొత్తం తీసేయమన్నది అందుకే. ఇది క్రాపు కాదు బాబాయి గారూ, వైద్యం."

"తలమీద బొత్తిగా లేకుండా వీధిలోకి ఎలా పంపుతామండీ? మర్యాదగా ఉండదు" అన్నాడు బాబాయి. అనేశాక, ఎవరి ముందు అంటున్నాడో గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. డాక్టరు టోపీ ఒకసారి సర్దుకున్నాడు.

గుండు పని బాబాయికి ఎప్పుడూ గిట్టదు. ఎంత పలచటి జుట్టయినా అటు దువ్వి, ఇటు దువ్వి, ఉందనిపించి పంపడమే ఆయన గర్వం. తన చేత్తో తీసిన పాపిడిని తన చేత్తోనే చెరపడం ఎన్నడూ ఎరగడు. మూలన పౌడరు ముందుకాలితో చెంప రుద్దుకోబోయి, నొప్పికి కాలు మధ్యలోనే ఆపేసింది. బాబాయి జుట్టు తీసే మిషను అందుకున్నాడు.

"ఆగండాగండి, ఒక్క ఫొటో తీసుకోనివ్వండి. మా ఆయనకి చూపించాలి" అంది హెడ్మిస్ట్రెస్ గారు.

ఫొటో అయ్యాక బాబాయి పాపిడంతా తీసేశాడు. ఆ కాసేపూ కుక్కతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. డాక్టరు ఆ తలమీద అరచెయ్యి ఆడించి చూసి, "మన పౌడరు రక్తం బాగుంటే వచ్చే సెలవురోజే తీసేద్దాం" అన్నాడు. 'మీ' పోయి 'మన' రావడం బాబాయి చెవిన పడింది. ఇంటికెళ్ళి పిన్నికి ఆ ఒక్కటే చెప్పాడు. గుండు సంగతి చెప్పలేదు. పాపిడి ఫొటో మాత్రం అప్పటికే హెడ్మిస్ట్రెస్ గారి ఫోనులోంచి వీధంతా తిరుగుతోంది.

రక్తం వయసుకి తగ్గట్టే ఉందనీ, గుండె నెమ్మదిగానైనా నమ్మకంగానే కొట్టుకుంటోందనీ డాక్టరు చెప్పాడు. "అయినా ముసలిదానికి మత్తంటే కొంచెం భయమే" అని కూడా దాచకుండా చెప్పాడు. సూది గుచ్చడానికి ముందుకాలి మీద కాస్త బొచ్చు తీయాలి. ఆ పని బాబాయే చేశాడు. తపాలా బిళ్ళంత మేర, అంచులు చక్కగా.

"ఏం, మామూలేనా?" అని పౌడరు చెవిలో మొదలుపెట్టాడు. "ఎండలు చూశావా, ఎలా ఉన్నాయో..."

"మీరు మాట్లాడకుండా ఉంటే..." అన్నాడు డాక్టరు.

"నేను మాట్లాడకపోతే అది బెదురుతుందండీ."

డాక్టరు సూది గుచ్చాడు. మందు కాల్లోకి పోయింది. బాబాయి అద్దెల దగ్గరికి వచ్చాడు, టైపు మాస్టారి నాలుగు పోగుల దగ్గరికి వచ్చాడు. పౌడరు చూపు ఆయన మొహం మీంచి మెల్లగా జారి, ఎక్కడో లోపలికి వెళ్ళిపోయింది.

"అది నిద్రపోయి చాలాసేపయింది" అన్నాడు డాక్టరు మృదువుగా. "బయట కూర్చోండి. ఒక్క నిమిషం."

బయట బల్లమీద పిన్ని ఉంది. లోపల పళ్ళెంలో ఏదో టంగుమని పడింది. కాసేపటికి ఇంకోటి. బాబాయి లేచి తలుపు దగ్గరికి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు.

"డాక్టరు గారు ఎంతసేపన్నారు?" అంది పిన్ని.

"ఒక్క నిమిషమన్నాడు."

"ఓహో." పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. అందులో కన్నీళ్ళెన్నో చెమటెంతో తెలీనివ్వలేదు. "మీ బెంచీ మీద కూర్చునేవాళ్ళకి ఎలా ఉంటుందో తెలిసిందా ఇప్పటికి?"

బాబాయి పిన్ని చెయ్యి తీసి తన చేతిలో పెట్టుకున్నాడు. సూది గీతలు పడిన ఆ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

పౌడరు లేచింది. లేచి, మత్తులో గోడకి నమస్కారం పెట్టినట్టు తల ఆనించి నిలబడింది. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరినీ పట్టించుకోలేదు. గంజిలా కలిపిచ్చిందాన్ని నాకి, పడుకుంది. వాపు తగ్గింది. నొప్పి పోయిందో లేదో మాత్రం అది చెప్పదు కదా. బాబాయి దాని చెంప ముట్టుకోవడానికి చెయ్యి చాపేవాడు, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకునేవాడు.

ఒక మధ్యాహ్నం షాపులో టైపు మాస్టారు కుర్చీలో ఉన్నాడు. సగం తల అయింది. పక్కన పౌడరు ముందుకాళ్ళు చాపి, వెన్ను విల్లులా వంచి, నోరు తెరిచింది. ఇంకా తెరిచింది. పుచ్చిన పళ్ళు పోయి గులాబీరంగు చిగుళ్ళు మిగిలిన ఆ నోరు, నెలల తరబడి బిగదీసుకుని ఉన్న ఆ దవడ, ఏ అడ్డూ లేకుండా పూర్తిగా తెరుచుకుని, చివర్లో నాలుక రేకులా ముడుచుకుంది. "ఆ..." అని సన్నటి చప్పుడు చేసి, అది నోరు మూసుకుంది.

బాబాయి కత్తెర ఆగిపోయింది.

"ఏమైందయ్యా?" అన్నాడు మాస్టారు.

"ఆవలించింది మాస్టారూ."

"ఎవరు?"

బాబాయి చెప్పబోయాడు. కానీ ఆవలింత అప్పటికే కుక్కని వదిలి ఆయన్ని పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు తెప్పించేంత పెద్ద ఆవలింత. అది అద్దంలో చూసిన మాస్టారికి తగులుకుంది. అక్కడి నుంచి బెంచీ మీద పేపరు చదువుతున్న ఇద్దరికీ పాకింది. గుమ్మంలోకి వస్తున్న కొత్త మనిషి, తన వంతు ఎప్పుడని అడగడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, అక్కడే నిలబడి ఆవలించడం మొదలుపెట్టాడు.