ముల్లు ఇరుక్కునే చోటు

ఆ రోజుల్లో పాట వినాలంటే మనమే పాట దగ్గరికి పోవలసి వచ్చేది, ఇప్పటిలా అది మన జేబులోకి వచ్చి కూర్చునేది కాదు. నా అదృష్టం కొద్దీ జనగామలో మా పాట పక్క గోడకే కాపురముండేది. ఇటు మా నాన్న, అంటే బాపు, నడిపే పిండిగిర్ని, అటు పెళ్ళిళ్ళకు మైకుసెట్లు కిరాయికిచ్చే దుకాణం. దుకాణం ఆయన్ని వాడకట్టంతా మైకు మామ అనేవాళ్ళం. స్పీకరు పనిచేస్తోందో లేదో చూసే నెపంతో రోజూ పొద్దున ఆయన పెట్టే రికార్డు ఒక్కటే. ఇంటర్ చదివే పిల్లా పిల్లవాడూ సైకిలెక్కి లేచిపోయే సినిమాది. (అట్ట మీద రెండు జడల హీరోయిన్ సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చుని ఉండేది. ఆ బొమ్మ కోసమే నేను పిలవకుండానే గిర్నికి సాయానికి పోయేదాన్ని, బాపు మాత్రం బిడ్డకు పనిమీద శ్రద్ధ అని మురిసిపోయేవాడు.) నల్లటి రికార్డు మీద ముల్లు వాలగానే పోపులో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడయ్యేది, ఆ వెనక పాట వచ్చేది. ఆ చిటపటకే నా ప్రాణం లేచొచ్చేది.

ఆ రికార్డుకు ఒక గీత పడింది. రెండో చరణంలో ముల్లు అక్కడికి రాగానే ఇరుక్కునేది. "వెన్నెలంతా, వెన్నెలంతా, వెన్నెలంతా" అని ఒకే మాట పట్టుకుని వేలాడేది, మైకు మామ చాయ్ గ్లాసు కింద పెట్టి వచ్చి పెట్టె మీద ఠక్కున కొట్టేదాకా. అప్పుడు ముల్లు ఎగిరి "వెనకే వచ్చింది" మీద పడేది. మా పిల్లలకు పాటంటే ఆ దెబ్బతో సహా పాటే. ఒకరు పాడుతుంటే ఇంకొకరు అక్కడ అరుగు మీద కొట్టాలి, కొట్టకపోతే పాట ముందుకు పోదు. బాపుకు మాత్రం ఆ సినిమా పేరెత్తితే ఒళ్ళుమంట. "పోరగాండ్లు ఖరాబయ్యే పాటలు గవి. నా చెవులల్ల పడనియ్యకు, జర సప్పుడు తగ్గియ్యి" అని గోడ అవతలికి కేకేసేవాడు. మైకు మామ "సరే అన్నా" అని ఇంకాస్త పెంచేవాడు.

నేను ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగా మానుకోటలో (మహబూబాబాద్‌ను మేమంతా అలాగే అంటాం) కాలేజీల మధ్య సినిమా పాటల పోటీ పెట్టారు. మా తెలుగు మేడం గిర్నికే వచ్చి నన్ను పంపమని అడిగింది. మేడం ముందు కాదనలేక బాపు తలూపాడు. ఆమె వీధి మలుపు తిరిగాక అసలు మాట బయటపెట్టాడు. "పో బిడ్డా, నేను గూడ వస్త. గక్కడ నలుగుర్ల ఇజ్జత్ పోయిందనుకో, కాలేజి బందు. భూపాలపల్లిల మీ మేనత్త ఎన్నడో అడిగింది, మాగమాసంల లగ్గం పెట్టుకుందం." భూపాలపల్లి బావ చెడ్డవాడేం కాదు, బొగ్గు బాయిలో కొలువు కూడా ఉంది. కానీ తన మోటారు సైకిల్ లీటరుకెంత దూరం పోతుందో తప్ప ఇంకో మాట ఎరగడు. నాకేమో బి.ఏ. చదవాలని ఉంది. అంతటి బరువు, నాకు పూర్తిగా వచ్చిన ఆ సైకిల్ సినిమా పాట మీదే పెట్టుకుని ప్యాసింజర్ రైలెక్కాను.

హాలు నిండా జనం. బాపు గిర్ని తాళంచెవి చేతిలో పట్టుకుని ఇనుప కుర్చీల రెండో వరసలో, దవాఖానలో సూది కోసం కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. మొదటి చరణం బాగానే గట్టెక్కింది. రెండో చరణంలో "వెన్నెలంతా" అన్నాను. మళ్ళీ "వెన్నెలంతా" అన్నాను. తర్వాతి మాట నాకు తెలుసు, నోటికి మాత్రం దెబ్బ పడితే గాని ముందుకు పోయే అలవాటు లేదు. "వెన్నెలంతా" అని ఇంకోసారి అన్నాను. హార్మోనియం ఆయన నా వంక చూశాడు. వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. నా కళ్ళ ముందు మాఘమాసమూ మోటారు సైకిలూ కనిపించాయి.

అప్పుడు ఠక్కుమని చప్పుడైంది. బాపు తాళంచెవితో ముందు కుర్చీ మీద కొట్టాడు.

"వెనకే వచ్చింది" అని నా గొంతు దానంతటదే ఎగిరి దూకింది. మిగతా పాట ఎలా పాడానో నాకు గుర్తు లేదు. జడ్జి గారు మాత్రం నేను ఇరుక్కున్న చోటును మెచ్చుకున్నారు. "ఆ వెన్నెల దగ్గర ఒకే మాటను తిప్పి తిప్పి పాడి సంగతులు చక్కగా వేశావమ్మా" అన్నారు. రెండో బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా ఇచ్చారు. గుండె కుదుటపడి నేను దాన్ని ఒళ్ళో పెట్టుకుని తిరుగు రైల్లో ఏడ్చాను.

"ఎందుకేడుస్తున్నవ్? చదువుకుందువు తియ్యి" అన్నాడు బాపు.

"నువ్వు ఆ పాట విననంటివి గద బాపూ. మరి కుర్చీ ఎందుకు కొట్టినవ్?"

"దోమ వాలింది" అని కిటికీలోంచి బయటికి చూశాడు. (పట్టపగలు, ఇనుప కుర్చీ మీద దోమ.) ఆ తర్వాత బావకు వేరే సంబంధం కుదిరింది. ఆ పెళ్ళిలో నా అంత సంతోషంగా, నా అంత ఎక్కువగా తిన్నవాళ్ళు ఇంకొకరు లేరు.

మొన్న మా అమ్మాయి ఆ సినిమా రికార్డు కొత్తగా వేశారని కొని, చిన్న పెట్టెతో సహా జనగామకు పట్టుకొచ్చింది. అదే అట్ట, అదే సైకిలు. బాపు ఇప్పుడు ఒక చెవితోనే వింటాడు, ఆ చెవిని పెట్టె వైపు తిప్పి కూర్చున్నాడు. కొత్త రికార్డు కదా, గీత లేదు. రెండో చరణంలో "వెన్నెలంతా" దగ్గర కూడా ముల్లు హాయిగా సాగిపోతోంది. నా చేయి నన్నడగకుండానే బల్ల మీద పడింది, అదే క్షణంలో బాపు చేయీ పడింది. ముల్లు అదిరి ఎగిరి సగం చరణం దాటి ఎక్కడో పడింది.

"అమ్మా, కొత్త రికార్డే" అని మా అమ్మాయి లబోదిబోమంది.

"గిప్పుడు మంచిగున్నది" అన్నాడు బాపు.

మోకాళ్ళ నొప్పులూ బి.పి. మాత్రలూ ఉన్న నేను, రెండు జడల పిల్లలా లేచి వెళ్ళి ముల్లును మళ్ళీ మొదట్లో పెట్టాను.