బాధ కాదు, దిగులు

మా అత్తగారికీ నాకూ పడదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ కోడలు కాకా పడుతోందనకుండా. ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలన్న దగ్గర్నుంచీ మాకు గొడవే. కానీ ఆసుపత్రిలో ఆవిడ చేసిన పనిని ఎవరైనా తేలిగ్గా తీసేస్తే మాత్రం ఊరుకోను.

క్యాన్సర్ ఆసుపత్రిలో ఆవిడ ఇరవై రెండేళ్ళుగా ఆయా. మూడో అంతస్తులో మెట్ల పక్కన ఓ చిన్న గది ఉంది. రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, తలుపుకి లోపల గడియ. రోగులు అక్కడ కౌన్సెలర్ అమ్మాయితో మనసులో మాట చెప్పుకుంటారు. ఆ గది అవసరమా కాదా అని పెద్ద డాక్టరు సర్వే పెట్టాడు. ప్రశ్న ఒకటే: ‘ఈ వారం మీకు బాధ ఎంత? సున్నా నుంచి పది లోపు చెప్పండి.’ చదువురాని వాళ్ళకి చదివి వినిపించే పని అత్తగారిది. నూట ఎనభై మందిలో ముప్పాతిక మంది సున్నా అన్నారు. ఇంకేం, సోమవారం నుంచి అది సామాన్ల గది అని తేల్చేశారు.

ఫారాలు కట్టలు కడుతుంటే ఆవిడకి తనదే కనబడింది. మూడు నెలల కిందటే అక్కడే ఆవిడకీ రొమ్ము తీసేశారు, అందుకే రోగుల లెక్కలో తనూ ఒక ఫారం నింపింది. అందులోనూ సున్నాయే! ఫారం నింపిన వారమంతా ఆవిడ ఇంట్లో స్నానాలగది అద్దానికి తువ్వాలు కప్పి ఉంచింది. నేను కళ్ళారా చూశాను. చాదస్తం అనుకుని తువ్వాలు తీసి ఆరేశాను కూడా, నా బుద్ధి మండ! కుట్లు మానాయి, నొప్పి లేదు, అందుకే బాధ లేదంది. ఆసుపత్రిలో బాధంటే నొప్పే కదా. అందరూ అలాగే అనుకున్నారు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. మిగిలిన ఖాళీ ఫారాల్లో ‘బాధ’ కొట్టేసి ‘దిగులు’ అని రాసి, మళ్ళీ మంచం మంచానికీ తిరిగింది.

“నొప్పి సంగతి కాదయ్యా. దిగులు. దిగులెంత?”

గొంతు ఆపరేషనై మాట పోయిన లారీ డ్రైవరు మొదటిసారి వేళ్ళతో సున్నా చుట్టాడు. ఇప్పుడు పది వేళ్ళూ ఎత్తాడు.

శనివారం పెద్ద డాక్టరు పిలిపించాడు. “మేం రాసిన ప్రశ్న మార్చడానికి నువ్వెవరు?”

“ఫారం మీది సార్. కోసిన రొమ్ము నాది.”

ఆవిడ తెచ్చిన కొత్త ఫారాల కట్టలో అన్నిటికన్నా పైనున్న కాగితం చూశాడాయన. అది ఆవిడదే, తొమ్మిది. “ఇంత దిగులు పెట్టుకుని పని చేస్తున్నావా? చెప్పలేదేం?”

“మీరు అడిగారా?”

ఆయన ఆ కట్ట తీసి సొరుగులో పెట్టుకున్నాడు. గది సంగతి మాత్రం తేల్చలేదు.

సోమవారం నేనూ వెంట వెళ్ళాను. ఇద్దరు మనుషులు ఇనప బీరువా మోసుకుని మూడో అంతస్తుకి వచ్చేసరికి తలుపుకి లోపల గడియ పడి ఉంది. బయట వరసలో పదకొండు మంది, అందరికన్నా ముందు లారీ డ్రైవరు. ఆవిడ చేతిసంచీ పట్టుకుని నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను.

“లోపలెవరు? ఖాళీ చెయ్యాలి,” అని వాళ్ళు తలుపు బాదారు.

“రోగిని!” అని లోపల్నించి మా అత్తగారు అరిచింది. “ఏడవడం ఇప్పుడే మొదలెట్టాను. బీరువా దించుకుని కూర్చోండి!”