పాత విండోస్ తెలిసిన జానీబీ

గుంటూరు అరండల్‌పేటలో, మందుల షాపు పైన ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉండేది. కంపెనీ అంటే యజమాని లక్ష్మీనరసింహం, బిల్లులు కొట్టే సుబ్బరావమ్మ, ప్రోగ్రాములు రాసే జానీబీ. అంతే. కోల్డ్ స్టోరేజీలో ఏ రైతు మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, ఏ చాంబర్లో ఉన్నాయో చెప్పే ప్రోగ్రాము వీళ్ళది.

చిలకలూరిపేటలో బట్టలు కుట్టే హుస్సేన్ సాహెబ్ కూతురు జానీబీ. ఎంసీఏ చదివింది. 2003లో చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు యజమానికి అప్పజెప్పి, మూడేళ్ళు మానేయనని సంతకం పెట్టింది.

చిక్కంతా కోల్డ్ స్టోరేజీల కంప్యూటర్లతోనే. ఒకరి దగ్గర విండోస్ 98, ఇంకొకరి దగ్గర 2000, కొత్తగా కట్టినవాళ్ళ దగ్గర ఎక్స్‌పీ. ఒకచోట నడిచిన ప్రోగ్రాము మరోచోట మొరాయించేది. జానీబీయే పుస్తకాలు తిరగేసి, తన ఎక్స్‌పీ కంప్యూటర్లోనే రెండు వర్చువల్ మెషీన్లు, అంటే కంప్యూటర్ లోపలే నడిచే కంప్యూటర్లు, పెట్టింది. తెర మీద ఒక కిటికీలో 98, పక్క కిటికీలో 2000. దేని లోకం దానిది. ఏ మార్పు చేసినా ముందు వాటిలో ఎక్కించి చూసేది. 98 కుప్పకూలితే, ముందే దాచిపెట్టుకున్న స్థితికి వెనక్కి తిప్పి మళ్ళీ మొదలెట్టేది. ఫిర్యాదులు తగ్గాయి. "మా అమ్మాయి ఒక్క పెట్టెలో మూడు కంప్యూటర్లు నడుపుతుందండీ" అని లక్ష్మీనరసింహం వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు.

ఆ పనితనమే ఆమె కాళ్ళకు చుట్టుకుంది.

గడువు తీరగానే సర్టిఫికెట్లు అడిగింది. కాలేజీలో పాఠాలు చెప్పాలని ఆమె కోరిక.

"ఎక్కడికి పోతాయమ్మా? ఈ సీజను గడవనీ. ఆ పాత విండోస్ సంగతి నీకు తప్ప ఎవరికి తెలుసు?" అన్నాడాయన.

సీజను గడిచింది. మరో సీజనూ గడిచింది. అడిగిన ప్రతిసారీ అదే మాట. ఏసీ కోసమని కిటికీలకు చెక్కలు కొట్టించిన ఆ గదిలో, ఆ సర్టిఫికెట్లు పెట్టి తాళం వేసిన బీరువా ఆమె కుర్చీ వెనకే ఉండేది. పనిలో పడినా దాని ఉనికి వీపుకు తెలుస్తూనే ఉండేది. అలిగి పని చెడగొడదామా అని ఒక్కోసారి అనిపించేది. చెడితే ఇబ్బంది పడేది టిక్కీల కోసం వచ్చే రైతులు. ఆ పని చేయలేకపోయింది.

2008 ఫిబ్రవరిలో ఒంగోలు కాలేజీ ఒకటి సోమవారం ఇంటర్వ్యూకి రమ్మంది. అప్పటికే నెల రోజులుగా జానీబీ ప్రతి మెట్టూ తెలుగులో నోట్సు రాసి, మధ్యాహ్నం అన్నాలయ్యాక సుబ్బరావమ్మకు నేర్పుతోంది. "నావల్ల అవుతుందంటావా జానీ?" అంటూ మొదలుపెట్టిన సుబ్బరావమ్మ, శనివారం యజమాని ఎదుటే 98 తెరిచి, ప్రోగ్రాము ఎక్కించి, పరీక్షంతా పూర్తి చేసింది.

"బాగుంది, బాగుంది. చూద్దాం" అని లక్ష్మీనరసింహం తాళాలు జేబులో వేసుకుని పొదిలిలో పెళ్ళికి వెళ్ళిపోయాడు.

జిరాక్సులతోనే జానీబీ ఒంగోలు వెళ్ళింది. పాఠం చెప్పించుకుని, బాగా చెప్పావన్నారు. ఒరిజినల్స్ లేవనేసరికి తర్వాతి వాళ్ళను పిలిచారు. తిరుగు బస్సులో ఏడవడానికి కూడా ఆమెకు ఓపిక లేకపోయింది.

మంగళవారం ఆయన కుర్చీలో కూర్చోగానే సుబ్బరావమ్మ లేచి నిలబడింది. "ఆ పిల్లవి ఆ పిల్లకిచ్చేయండి సార్. 98 నేను చూసుకుంటాను."

ఆయన జేబులోంచి తాళాలు తీసి, బీరువా తెరిచాడు. సర్టిఫికెట్ల ఫైలు తీసి కూడా చేతిలోంచి వదల్లేదు. "ఇంటర్వ్యూ అయిపోయిందిగా, ఇంకెందుకమ్మా?"

"అవి నావి సార్" అంది జానీబీ, ఫైలు లాక్కోకుండా, చెయ్యి మాత్రం చాచి.

ఇచ్చాడు.

వేరే ఉద్యోగం లేదు కాబట్టి మర్నాడు మళ్ళీ అదే గదికి వచ్చింది. మరో నాలుగు నెలలు అక్కడే చేసింది. జూన్‌లో నరసరావుపేట కాలేజీలో చోటు దొరికితే, ఎవరినీ అడగకుండా రాజీనామా కాగితం రాసి బల్ల మీద పెట్టి వెళ్ళింది.