ఉగ్గబట్టిన దగ్గు

హేమ్లి చేతి దగ్గు మందు తాగాలంటే ముందు తిట్లు తినాలి. పినపాక అవతల, చేలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ ముప్పై ఇళ్ల తండాలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. గడప ముందు నిలబడి ఒక్కసారి దగ్గితే చాలు, లోపలి నుంచే అందుకునేది. బీడీలు మానమంటే మానవు, మంచులో పండుకోవద్దంటే వినవు, ఇప్పుడు నా ప్రాణం తీయడానికి వచ్చినవా అని. తిడుతూనే పొయ్యి రాజేసేది. ఆమె నోరు ఆగిందంటే మందు తయారైనట్టు లెక్క.

మందులో వింతేమీ లేదు, అన్నీ వంటింట్లో ఉండేవే. గుప్పెడు మిరియాలు, చారెడు వాము ఇనుప పెనం మీద పొగ లేచేదాకా వేయించేది. పసుపు కొమ్మును నిప్పుల్లో కాల్చేది. శొంఠి, నాలుగు లవంగాలు కలిపి అన్నిటినీ రోట్లో వేసి దంచేది. ఆ దంచడం చూస్తే రోటికీ ఆమెకూ ఏదో పాత పగ ఉందనిపించేది. ఆరు గ్లాసుల నీళ్లు పోసి, ఒకటిన్నర గ్లాసు అయ్యేదాకా మరిగించి, పాత బెల్లం వేసి గుడ్డలో వడగట్టేది. తాగినవాడి కళ్ల వెంట నీళ్లు కారాలి. కారకపోతే పారబోసి మళ్లీ మొదటి నుంచి కాచేది.

పెనుబల్లి వైపు తండా నుంచి కోడలిగా వచ్చిన హేమ్లి ఈ మందు పట్టుకున్నది మొగుడి కోసమే. దేవ్లా మణుగూరు దగ్గర బొగ్గు బాయిలో కాంట్రాక్టు కూలీ. బొగ్గు పలగ్గొట్టే మిషను కింద పదకొండేళ్లు దుమ్ము మింగాడు. మెత్తని మనిషి, ఆమె అరిస్తే నవ్వి ఊరుకునేవాడు. దగ్గు తెర మొదలైతే మాత్రం పక్కింటివాళ్లు కూడా లేచి కూర్చోవాల్సిందే. పొద్దున అర గ్లాసు, సాయంత్రం అర గ్లాసు పడితే తప్ప అతని ఛాతీ సద్దుమణిగేది కాదు.

2003 చలికాలంలో ఒకనాడు, పొద్దుగూకే వేళ, పెరటి దడి అవతల ఎవరో దగ్గారు. హేమ్లి వెళ్లి చూస్తే ఒక పిల్ల. పద్దెనిమిదేళ్లు ఉంటాయో లేదో. ఆకుపచ్చ చొక్కా, భుజానికి తుపాకి, వీపు మీద సంచి. అడవిలో తిరిగే దళం పిల్ల అని చూడగానే తెలిసిపోయింది.

"అవ్వా, దగ్గుకు మందిస్తవట గద," అంది ఆ పిల్ల.

తుపాకి చూసి హేమ్లి ఒక అడుగు వెనక్కి వేసింది. నోరు మాత్రం వెనక్కి తగ్గలేదు. "తుపాకి మొయ్యనీకి బలమున్నది గని, చెవులకు గుడ్డ కట్టుకునే తెలివి లేదా నీకు? ఈ మంచుల ఊపిరితిత్తులు ఉంటయా?"

పిల్లకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. దడి కర్ర పట్టుకుని వంగిపోయింది. దగ్గేవాళ్లను పేరూ ఊరూ అడిగే అలవాటు హేమ్లికి లేదు. దేవ్లా కోసం కాచిన మందు తెచ్చి క్వార్టర్ సీసాలో పోసింది. సీసాకు మూత లేదు. గూట్లో పడేసిన పాత అద్దాల లంగా నుంచి ఒక పేలిక చించి, మూతికి కప్పి, దారంతో బిగించి కట్టింది. ఆ తండాలో ఏ ఆడది అయినా అదే చేసేది. చేసిన తప్పల్లా అదే.

నెల తిరక్కముందే ఆ సీసా పోలీసు జీపులో తండాకు తిరిగొచ్చింది.

పొద్దున్నే రెండు జీపులు వచ్చి ఆగాయి. పోలీసులు ఇల్లిల్లూ తన్ని మొగవాళ్లను బయటికి లాగి బోరింగు దగ్గర నిలబెట్టారు. ఆడవాళ్లను ఒక పక్కకు తోశారు. ఇన్‌స్పెక్టరు సీసా పైకెత్తి చూపించాడు. నాలుగు రోజుల కింద అడవిలో కాల్పులు జరిగాయి, నలుగురు చచ్చారు, అందులో ఒక పిల్ల సంచిలో ఇది దొరికింది అన్నాడు. మూతి మీద పేలికకు అద్దం బిళ్ల ఇంకా అంటుకునే ఉంది.

"ఈ అద్దాలు కుట్టేది మీ తండాల్లోనే. చుట్టుపక్కల మూడున్నాయి. రెండు చూసొచ్చాం. ఇది కాచిన ఇల్లేదో చెప్పండి."

రెండో తండా సంగతి ముందురోజే వీళ్లకు తెలిసింది. ఒక మనిషిని జీపెక్కించుకుపోయారు, ఇంతవరకు దించలేదు. ఎవరూ నోరు విప్పలేదు. ఇన్‌స్పెక్టరు దారం తెంపి సీసా తెరిచాడు. వాము, మిరియాల వాసన గాలిలోకి వచ్చింది. ఆ వాసన ఏ ఇంటిదో అక్కడ నిలబడ్డ ప్రతి ముక్కుకూ తెలుసు.

"దగ్గు మందు దగ్గేవాడి ఇంట్లోనే ఉంటుంది. వాడెవడో నేనే తేల్చుకుంటాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. మొగవాళ్లందరినీ బోరింగు చుట్టూ పరుగెత్తమన్నాడు. నలుగురు కానిస్టేబుళ్లు నాలుగు దిక్కులా నిలబడి, ముందు నుంచి పోయే ప్రతి పిక్క మీదా లాఠీ దించారు.

హేమ్లి చూపు దేవ్లా మీదే ఉంది. మూడో చుట్టుకే అతని మొహం నల్లబడింది. తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మెడ నరాలు ఉబ్బి కళ్లు బయటికి వచ్చేట్టున్నాయి. ఒక్క దగ్గు బయటపడితే జీపెక్కిస్తారు. ఆ ఛాతీతో స్టేషనులో నాలుగు దెబ్బలకు కూడా ఆగడు, మనిషి తిరిగి రాడు. దగ్గకు, దగ్గకు అని ఆమె పళ్లు బిగించి అనుకుంటూనే ఉంది.

దేవ్లా దగ్గలేదు. మోతీలాల్ దగ్గాడు. అరవై దాటిన మనిషి, దేవ్లాకు వరసకు బాబాయి, రోజుకు రెండు కట్టల బీడీలు కాలుస్తాడు. దగ్గి కూలబడగానే నలుగురూ అతని మీద పడ్డారు. బూట్లతో డొక్కలో తన్నారు. వీపు మీద లాఠీ విరిగింది. తల బోరింగు దిమ్మెకు తగిలి చిట్లింది, నెత్తురు కింది నీళ్లలో పారింది.

"నాది బీడీ దగ్గు సారూ. ఆ సీస నాది కాదు," అన్నాడు. ఎవరిదో మాత్రం చెప్పలేదు. మళ్లీ కొట్టారు, మళ్లీ అదే మాట అన్నాడు. అడ్డం పోయిన కోడలు సక్రిని జుట్టు పట్టి విసిరేశారు. సక్రి లేచి మట్టి దులుపుకోకుండా హేమ్లి వైపు చూసింది.

హేమ్లి ముందుకు నడిచింది. "ముసలాయన్ని ఇడిసిపెట్టుండ్రి సారు. సీస నాది."

"ఎవడి దగ్గు కోసం కాచావు?"

"నా దగ్గుకే."

"ఏదీ, దగ్గు."

హేమ్లి దగ్గింది. అది దగ్గులా లేదు. ఒక కానిస్టేబులు నవ్వాడు. ఇన్‌స్పెక్టరు చాచి కొట్టిన దెబ్బకు పెదవి చీలి గడ్డం మీదికి నెత్తురు కారింది.

"నీ మొగుడేడి?"

"బాయి పనికి పోయిండు."

ఆ మాట అన్నప్పుడు దేవ్లా ఆమెకు నాలుగు బారల దూరంలో నిలబడి ఉన్నాడు. తండా తండా అంతా నేలచూపులు చూసింది.

"ఆ పిల్లకెందుకిచ్చావే?"

"దగ్గింది, ఇచ్చిన. నువ్వు దగ్గినా ఇద్దును."

"దంచేది ఏ చెయ్యి?"

కాస్త ఆలోచిస్తే ఎడమ చెయ్యి చూపించేదేమో. కోపంలో ఆలోచన ఎక్కడిది? కుడి చెయ్యి అతని మొహం ముందుకు చాచింది. ఆమె ఇంట్లోంచే రోకలి బండ తెప్పించారు. ఇద్దరు మణికట్టు పట్టి బోరింగు దిమ్మె మీద అదిమారు. మొదటి దెబ్బకు తండా అంతా వినేలా అరిచింది. రెండో దెబ్బకు వేళ్లు పటపటమన్నాయి. మూడో దెబ్బకు అరవడానికి గొంతు రాలేదు. మూడు దెబ్బలూ ఆమె దేవ్లా మొహాన్నే చూసింది. దేవ్లా నేలను చూస్తున్నాడు. తువ్వాలు కింద దవడలు బిగుసుకున్నాయి, భుజాలు అదురుతున్నాయి, చప్పుడు మాత్రం రాలేదు.

ఆడదాన్ని తీసుకుపోతే పేపర్లవాళ్లు వస్తారని హెడ్డు కానిస్టేబులు ఇన్‌స్పెక్టరు చెవిలో గొణిగాడు. సీసాను దిమ్మెకు కొట్టి పగలగొట్టి వెళ్లిపోయారు.

జీపులు వాగు దాటాక దేవ్లా మోకాళ్ల మీద కూలబడ్డాడు. అప్పుడు వచ్చింది దగ్గు. పొద్దుటి నుంచి ఆపిందంతా ఒక్కసారిగా వచ్చింది. నల్లగా పడింది, తర్వాత ఎర్రగా పడింది. మోతీలాల్‌నూ హేమ్లినీ ఒకే ట్రాక్టరులో దవాఖానాకు తీసుకుపోయారు. ముసలాయనకు పద్నాలుగు కుట్లు పడ్డాయి. హేమ్లి చేతికి కట్టు వేశారు. రెండు వేళ్లు ఇక వంగవని డాక్టరు అప్పుడే చెప్పేశాడు.

మూడో రోజు దేవ్లాయే రోటి ముందు కూర్చున్నాడు. అదే రోకలి బండ. వాము సగం బయట చిందుతోంది. గుంజకు ఆనుకుని కూర్చున్న హేమ్లి చూస్తూ ఉంది. ఆమె ఏమైనా అంటే బాగుండునని దేవ్లాకు అనిపించింది. నీళ్లు ఎన్ని పోయాలో తెలిసి కూడా అడిగాడు.

"ఆరు గిలాసలు," అంది హేమ్లి. దేవ్లా కొలిచి పోసి పొయ్యి మీద పెట్టాడు. తర్వాత ఆమే అంది, "నువ్వు దగ్గొద్దనే నేను ముందలికి వచ్చిన."

"అవ్."

"దగ్గితే నిన్ను సంపుదురు."

"అవ్."

"గది నాకెరికే. అయినా మూడు దెబ్బలు పడేదాక నీ దిక్కే సూసిన, ఒక్కపారన్న దగ్గుతవేమోనని."