ఏమీ లేదని చెప్పే ఫోను

తన పనిని లాగేసుకోబోతున్న ప్రోగ్రాముకి, దాని తప్పు ఎక్కడుందో ఎమిల్ సబో ఎందుకు చూపించాడు? నోరు మూసుకుని కూర్చుంటే చాలు, పని నిలిచేది, ఇల్లూ నిలిచేది. ఇన్నేళ్లయినా ఈ ప్రశ్నకి జవాబు దొరకలేదు. ఆ వేసవంతా అతని పక్కన కూర్చుని తిరిగిన ట్రేసీ నిషియామా దగ్గర కూడా లేదు.

ఎమిల్ కాలవ లస్కరు. కెనడాలో ఆల్బెర్టా దక్షిణాన యారో ఫ్లాట్స్ నీటి సంఘంలో తూర్పు కాలవ మీద పధ్నాలుగు గేట్లు అతనివి. ఏప్రిల్లో నీళ్లు వదిలిన దగ్గర్నుంచి అక్టోబరు పదిన కట్టేదాకా, పొద్దున్నే కుక్కని పికప్పు బండి ఎక్కించుకుని బయల్దేరేవాడు. రైతులు ముందురోజు అడిగిన నీళ్లని బట్టి ఒక గేటు కాస్త లేపడం, ఇంకొకటి కాస్త దించడం, జాలీకి పట్టిన చెత్తని ఇనప పంగలకర్రతో లాగెయ్యడం, ఇదీ పని. పనితో పాటు కాలవ గట్టు మీద చిన్న ఇల్లు కూడా ఇచ్చారు. ముప్ఫయ్యొక్క ఏళ్లు అందులోనే ఉన్నాడు.

లస్కర్లందరికీ ఒక అలవాటుంది. ఏదైనా తేడా వస్తేనే ఆఫీసుకి ఫోన్ చేస్తారు. ఫోన్ రాలేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఎమిల్ ఒక్కడే దీనికి విరుద్ధం. రోజూ పదింటికోసారి, నాలుగింటికోసారి ఫోన్ చేసి, "ఎమిల్ని. ఏమీ లేదు," అని పెట్టేసేవాడు. ఆఫీసులో అతన్ని ఏమీలేదు ఎమిల్ అనేవాళ్లు. ఒంటరివాడు కదా, ఎవరి గొంతయినా వినాలనిపిస్తుందేమోలే అని సర్దుకున్నారు.

ఆ ఏడాది మేనేజరు డెనీస్ ప్రాట్, ట్రేసీని పనిలో పెట్టుకుంది. ట్రేసీకి ఇరవై తొమ్మిదేళ్లు. వాళ్ల తాత ఆ పక్క ఊళ్లోనే చక్కెరదుంప పండించాడు. ఆమె తెచ్చిన ప్రోగ్రాము చేసే పని వినడానికి తేలిక. కాలవ పొడుగునా నీళ్లు ఎక్కడ ఎంత ఎత్తున ఉన్నాయో ఒకేసారి ఎవరూ చూడలేరు. అందుకని ప్రోగ్రాము ముందు తనే లెక్క కట్టుకుంటుంది: పైన ఇంత వదిలారు, ఇంతసేపయింది, కాబట్టి ఏడో గేటు దగ్గర ఇంత ఉండాలి. అంతలో అక్కడ నీళ్ల ఎత్తు కొలవడానికి పెట్టిన పెట్టె నుంచి రేడియోలో కబురు వస్తుంది. లెక్కకీ కబురుకీ పొంతన కుదరకపోతే, దేన్ని ఎంత నమ్మాలో తూచి, తన అంచనాని అటో ఇటో జరుపుకుంటుంది. తెర మీద ఒక నీలం గీత, దాని చుట్టూ బూడిదరంగు పట్టీ. గీత అంచనా, పట్టీ సందేహం. పట్టీ సన్నగా ఉంటే ప్రోగ్రాము ధీమాగా ఉన్నట్టు.

పెట్టెలు ఎండతో నడిచే చిన్న బ్యాటరీల మీద బతుకుతాయి. కబుర్లన్నీ గుట్ట మీదున్న ఒక్క టవరు గుండా రావాలి. అన్నీ ఒకేసారి మాట్లాడితే ఏదీ వినపడదు. అందుకని ట్రేసీ, నీళ్లు అంగుళం దాటి కదిలితేనే కబురు పంపమంది. కబురు రాలేదంటే అంగుళంలోపే ఉన్నట్టు. లస్కర్ల అలవాటునే యంత్రాలకి నేర్పానని ఆమెకి లోలోపల గర్వం కూడా.

సంఘం వాళ్లు ముందే చెప్పేశారు. అక్టోబరు పది దాకా ఇది సరిగ్గా నడిస్తే ఎమిల్ పని తీసేస్తారు, గేట్లకి మోటార్లు పెడతారు, ఇల్లు ఖాళీ చేయాలి. ఈ సంగతి ఎమిల్‌కి తెలుసు. అతనికి తెలుసని ట్రేసీకీ తెలుసు. మొదటిరోజు పికప్పులో ఎక్కుతూ ఆమె ఇబ్బంది పడుతుంటే అతనే అన్నాడు:

"అలా మూలకి నక్కితే కుక్క ఎక్కడ కూర్చుంటుందమ్మాయీ? దానికి కిటికీ కావాలి. నువ్వు మధ్యకి రా."

ఆ వేసవిలో ఇద్దరికీ ఒక పందెం కుదిరింది. గేటు చేరేలోపు అక్కడ నీళ్లు ఎంతున్నాయో అతను నోటితో చెప్పాలి, ఆమె ల్యాప్‌టాప్‌లో చూసి చెప్పాలి. ఓడినవాళ్లు పల్లె హోటల్లో సస్కటూన్ పండ్లు కూరి కాల్చిన తీపి రొట్టె కొనిపెట్టాలి. జూన్ అంతా ట్రేసీయే కొనిపెట్టింది.

"నీ మిషను కాలవని స్నానాల తొట్టి అనుకుంటోంది," అన్నాడు ఎమిల్ మూతి తుడుచుకుంటూ.

"గేటు ఎంత లేపామో, ఎంత నీళ్లు రావాలో అంతా లెక్కలో ఉందండీ."

"రెట్టింపు లేపితే రెట్టింపు వస్తాయా?"

"రావు. అది కూడా రాశాను."

"మరి నాచు రాశావా? ఎండ ముదిరాక కింద గుర్రం తోకంత పెరుగుతుంది. నీళ్లు నడవలేక పైకి లేస్తాయి. ఇంకో ముక్క తెప్పించు, ఎండాకాలం సంగతంతా చెప్తాను."

నాచు రాసింది. పడమటి గాలి నీళ్లని ఒక పక్కకి నెట్టుకుపోయే సంగతీ రాసింది. ఆగస్టుకి ఎమిల్ కూడా తీపి రొట్టె కొనక తప్పలేదు. ఓడినప్పుడల్లా కుక్క వైపు చూసి, "విన్నావా, మనకంటే బాగా చెప్తోంది," అనేవాడు. అది ఎగతాళో కాదో ట్రేసీ తేల్చుకోలేకపోయేది.

సెప్టెంబరు ఆఖరి వారంలో ఒక ఉదయం గాలి లేచింది. అక్కడ గాలి కొత్త కాదుగానీ ఆ రోజు లారీలని రోడ్డు మీద ఆపేశారు. ఆఫీసులో ట్రేసీ తెర ముందు కూర్చుంది. పధ్నాలుగు గేట్లూ పధ్నాలుగు తిన్నని గీతలు. పట్టీలు ఎన్నడూ లేనంత సన్నగా ఉన్నాయి. కబురు రాని ప్రతి నిమిషం ప్రోగ్రాముకి ధీమా పెంచుతోంది. ఆమె కాఫీ కలుపుకుంది.

పదింటికి ఫోన్ మోగింది.

"ఎమిల్ని. నీ బొమ్మలో ఎలా ఉంది?"

"చాలా ప్రశాంతంగా ఉందండీ. పొద్దున్నుంచీ ఒక్క గేటూ అంగుళం కదల్లేదు."

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు."

గాలి హోరు మీదుగా అతని గొంతు పెరిగింది. "అమ్మాయీ, నా కుక్క పక్కవాటుగా నడుస్తోందిక్కడ. ఇంత గాలిలో పధ్నాలుగు గేట్లూ బుద్ధిగా కూర్చున్నాయంటే నేను నమ్మను. తొమ్మిదో గేటుకి పోతున్నా. నువ్వూ బయల్దేరు. చేతికి తొడుగులు తెచ్చుకో."

ట్రేసీ వెళ్లేసరికి తొమ్మిదో గేటు జాలీ కనబడటం లేదు. గాలికి దొర్లుకుంటూ వచ్చిన ఎండు ముళ్లపొదలు ఒకదాని మీదొకటి పడి ఇల్లంత మోపు అయింది. నీళ్లు గట్టు అంచుకి రెండు వేళ్ల కింద ఉన్నాయి. కింద చేలో కోర్నీ డ్రీడ్జర్ అనే రైతు బంగాళాదుంపలు తవ్విస్తున్నాడు. సగం చేను ఇంకా భూమిలోనే ఉంది. గట్టు తెగితే అది బురద. ఎమిల్ అప్పటికే పై గేటు దించేసి పొదల్ని పంగలకర్రతో లాగుతున్నాడు. ట్రేసీ రెండో కర్ర అందుకుంది. కోర్నీ చూసి పరుగెత్తుకొచ్చాడు.

"ఏమయ్యా ఎమిల్, కంప్యూటరు ఉందన్నారే?"

"ఉంది. కాఫీ తాగుతోంది. ఆ కొస పట్టుకో."

ముగ్గురూ రెండు గంటలు లాగారు. నీళ్లు దిగాయి. ట్రేసీ తన బండి అక్కడే వదిలి ఎమిల్ పికప్పు ఎక్కింది. తిరిగొస్తుంటే గుట్ట మీద టవరు ఏంటెన్నా మెడ విరిగి వేలాడుతూ కనిపించింది. పెట్టెలన్నీ పొద్దున్నుంచీ అరుస్తూనే ఉన్నాయి, వినేవాళ్లే లేరు. కుక్క వచ్చి ఆమె ఒళ్లో తల పెట్టుకుంది.

మర్నాడు మీటింగు. సంఘంలోని రైతులు టోపీలు తీసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. డెనీస్ అంది: "ప్రోగ్రాము పనికిరాదని తేలిపోయింది. పాత పద్ధతిలోనే నడుద్దాం. ఎమిల్, మీరేమైనా అంటారా?"

ఏమీ లేదు అంటే సరిపోయేది. అందరూ ఆ మాటకే ఎదురుచూశారు, అతని నోట్లోంచి రోజూ వచ్చే మాటే కదా. ఎమిల్ కుర్చీ వెనక్కి జరిపాడు.

"దాని తప్పు కాదు. మన దగ్గర నేర్చుకుంది, మన తప్పే చేసింది. ఎనభై ఏడులో నా పికప్పు కాలవలోకి దొర్లింది గుర్తుందా? కాలు బండి కింద ఇరుక్కుంది. మధ్యాహ్నం దాకా నీళ్లలో పడున్నాను. ఇక్కడ మీరంతా ఏమనుకున్నారు? ఎమిల్ ఫోన్ చెయ్యలేదు, అంతా సవ్యమే అనుకున్నారు. అప్పట్నుంచీ రోజూ రెండుసార్లు చేస్తున్నాను. చెప్పడానికేమీ లేకపోయినా సరే."

వాళ్లు నవ్వుకున్న ఇరవై ఏళ్లూ ఆ బల్ల చుట్టూ కూర్చున్నట్టుంది.

"ఆ పెట్టెల చేత కూడా చెప్పించు," అన్నాడు ట్రేసీ వైపు తిరిగి. "పావుగంటకోసారి, ఉన్నానని. నీళ్లెంతున్నాయో అక్కర్లేదు. ఆ మాట రాకపోతే నీ గీత చుట్టూ పట్టీ లావెక్కాలి, సన్నబడకూడదు. అప్పుడది నాకంటే బాగా చూసుకుంటుంది."

ట్రేసీకి పది రోజులు పట్టలేదు. చిన్న మాట కాబట్టి బాగుచేసిన టవరు మోయగలిగింది. ఆమె కావాలనే ఒక పెట్టె తీగ పీకి చూసింది. తెర మీద ఆ గేటు పట్టీ మెల్లగా ఉబ్బుతూ, పావుగంట దాటగానే ఎర్రబడింది. సంఘం వాళ్లు వచ్చి చూసి తలలూపారు. ఎమిల్ పని తీసేయాలని ఓటేస్తూ చేతులెత్తారు. కోర్నీ ఒక్కడూ ఎత్తలేదు.

అక్టోబరు పదిన కాలవ కట్టేశారు. ఎమిల్‌ని సాగనంపడానికి సాయంత్రానికి డెనీస్ కేకు చెప్పింది. పొద్దున ట్రేసీ ఫోను పక్కనే కూర్చుంది. పదయింది. మోగలేదు. పది దాటి ఐదు నిమిషాలయింది. పావుగంటయ్యేసరికి ఆమె తాళాలు తీసుకుని బయటికొచ్చింది.

గట్టు మీద ఇంటి తలుపు దగ్గరగా వేసుంది. లోపల నేల ఊడ్చి ఉంది. పొయ్యి తుడిచి ఉంది. మేకుకి ఇంటి తాళంచెవి. కుక్క గిన్నె ఉండే చోట నేల మీద గుండ్రటి మచ్చ. వాకిట్లో పికప్పు చక్రాల గుర్తులు కాలవ వైపు కాకుండా పెద్దరోడ్డు వైపు తిరిగి ఉన్నాయి. పంగలకర్ర మాత్రం గోడకి ఆనించి ఉంది, పిడి చుట్టూ కొత్త గుడ్డ చుట్టి. ఆ గుడ్డ ట్రేసీ చేతులకి సరిపోయేంత సన్నగా చుట్టాడు.