మెత్తబరిచిన ఉత్తరం

2002 జూన్. గుంటూరు బ్రాడీపేటలో ఒక స్ట్రక్చరల్ కన్సల్టెంట్ల ఆఫీసులో నేను చేరి అప్పటికి మూడేళ్లు. కట్టడం ఎంత గట్టిగా ఉంది, ఏ స్తంభం ఎంత బరువు మొయ్యగలదు అని చూసి చెప్పే ఇంజినీర్ల సంస్థ అది. కోల్డ్ స్టోరేజీలు, జిన్నింగ్ మిల్లులు, స్కూళ్లు, కల్యాణమండపాలు మా దగ్గరికి వచ్చేవి. నా హోదా కమ్యూనికేషన్స్ ఎగ్జిక్యూటివ్. ఆ మాట మా ఇంట్లో ఎవరికీ నోరు తిరగలేదు. ఎవరడిగినా మా అమ్మ "టైపు చేస్తుందండీ" అని తేల్చేసేది. ఇంగ్లీషు ఎమ్మే చదివిన నాకు ఒళ్లు మండిపోయేది.

నేను చేసే పని ఏమిటంటే, ఇంజినీర్లు రాసిన నోట్సును క్లయింటుకు పంపదగ్గ ఇంగ్లీషు ఉత్తరంగా మార్చడం. వాళ్లు రాసింది యథాతథంగా పంపితే సగం మందికి అర్థం కాదు, మిగతా సగం మంది భయపడి చస్తారు. అందులోనూ మా వృత్తిలో ఒక పద్ధతి ఉంది. పరీక్ష చేసి తేల్చిన విషయాన్ని ఖాయంగా రాస్తాం. ఇంకా తేలని విషయాన్ని "కావచ్చు", "పరిశీలించడం మంచిది" లాంటి మాటలతో రాస్తాం. దీన్ని హెడ్జింగ్ అంటారు, మాట చుట్టూ కంచె వెయ్యడం అన్నమాట. రేపు ఎవరైనా "మీరే కదా చెప్పారు" అని నిలదీస్తే దొరక్కుండా ఉండటానికి. ఆ కంచె వెయ్యడంలో నాకు మంచి పేరుండేది, నాకూ ఆ సంగతి తెలుసు.

ఇలాంటి పని చేసేవాళ్లు ఊళ్లో ఇంకా ఉంటారని నాకు అరండల్‌పేటలోని ఒక ప్రింటింగ్ ప్రెస్సులో తెలిసింది. లెటర్‌హెడ్ ప్రూఫులు దిద్దడానికి వెళ్లినప్పుడల్లా అక్కడ అవే మొహాలు కనిపించేవి. ఆడిటర్ల ఆఫీసు నుంచి రఫీ. ఆర్కిటెక్టుల ఆఫీసు నుంచి ప్రసాద్. ఒక పెద్ద అడ్వకేట్ల ఆఫీసు నుంచి సుగుణగారు, మా అందరికన్నా ఇరవై ఏళ్లు పెద్ద, తక్కువ మాట్లాడే మనిషి. మా నలుగురికీ మా ఆఫీసుల్లో తోడు లేదు. ఇంజినీర్ల మధ్య నేనొక్కదాన్నే ఇంజినీరును కాను, లాయర్ల మధ్య సుగుణగారు ఒక్కరే లాయరు కారు. మా పని బాగుందో లేదో చెప్పగలిగినవాళ్లు మాకు మేమే. అలా నెలకో శనివారం పొద్దున ఒక హోటల్ మేడ మీద కూర్చోవడం మొదలుపెట్టాం. పెద్ద ఊళ్లలో అయితే దీనికి సంఘం, చందా, సర్టిఫికెట్టు అన్నీ ఉంటాయి. మాకు పెసరట్టు, కాఫీ, నాలుగు కుర్చీలు ఉండేవి.

నియమాలు మాత్రం గట్టివే. క్లయింటు పేరు చెప్పకూడదు, అడగకూడదు. తెచ్చిన ఉత్తరంలో పేర్లూ ఊళ్లూ ఉన్నచోట తెల్లకాగితం ముక్కలు అంటించి తేవాలి. రాసినవాళ్లు చదవకూడదు, ఇంకొకరు పైకి చదవాలి. విన్నవాళ్లు లోపాలు చెప్పాలి. నిజానికి అప్పటిదాకా మేం లోపాలకన్నా మెచ్చుకోళ్లే ఎక్కువ చెప్పుకున్నాం. ఎవరి కంచె ఎంత బాగుందో చూసి ముచ్చటపడేవాళ్లం.

ఆ జూన్‌లో నేను తీసుకెళ్లిన ఉత్తరం ఒక ఆడపిల్లల హాస్టలుది. పిడుగురాళ్ల దాటాక ఒక పల్లెలో చర్చివాళ్లు నడుపుతున్న హాస్టలు. కూలిపనులకు ఊరూరా తిరిగేవాళ్ల పిల్లలు, డెబ్భైమంది దాకా, అక్కడ ఉండి చదువుకుంటారు. నల్లరేగడి నేల. వాన పడితే ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారి కుంగుతుంది. అలాంటి నేల మీద ఒక అంతస్తుకని వేసిన పునాదుల మీద తర్వాతెప్పుడో రెండోది లేపారు. గోడలకు పగుళ్లు వస్తున్నాయని వార్డెన్ రాస్తే, వేసవి సెలవుల్లో మా ఛీఫ్ ఇంజినీరు సుబ్బారావుగారు వెళ్లి చూసివచ్చారు.

ఆయన నోట్సులో రెండు విషయాలు ఉన్నాయి. ఒకటి, కింద గదుల్లో గోడలకు చెమ్మ. ఇది ఖాయం, చేత్తో తాకితే తెలుస్తుంది. రెండోది, వరండా వైపు రెండు స్తంభాలకు నిలువు పగుళ్లు, సుత్తితో కొడితే డొల్ల శబ్దం. లోపల ఇనుము తుప్పుపట్టి ఉండొచ్చు. కోర్ టెస్ట్ చేస్తేగానీ, అంటే కాంక్రీటులోంచి గుండ్రంగా ఒక ముక్క తొలిచి తీసి దాని బలం చూస్తేగానీ చెప్పలేం. చివర ఆయన చేతిరాతతో "పై అంతస్తులో పిల్లల్ని ఉంచొద్దు" అని ఉంది.

"సార్, టెస్టు కాకుండా ఉంచొద్దని రాస్తే ఖాయంగా చెప్పినట్టు అవుతుందేమోనండి" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి ఆలోచించారు. అంతకుముందు ఏడాది ఇలాగే ఒకచోట గట్టిగా రాసి, టెస్టులో ఏమీ తేలక తలవంపులు తెచ్చుకున్నాం. "నిజమేనమ్మా. నువ్వే కాస్త మెత్తగా చూసి రాయి" అన్నారు.

రాశాను. కింద గోడల చెమ్మను వెంటనే సరిచెయ్యాలని, అది నివాసానికి తగదని ఒక పేరా. పై అంతస్తు వినియోగాన్ని తదుపరి పరీక్షల ఫలితాల దృష్ట్యా సమీక్షించుకోవడం మంచిదని ఇంకో పేరా. ఆయన సంతకం పెట్టారు. ఉత్తరం పోస్టులో వెళ్లిపోయింది.

తొమ్మిది రోజుల తర్వాత శనివారం, దాని నకలు మీద కాగితం ముక్కలు అంటించి హోటలుకు తీసుకెళ్లాను. మెచ్చుకోళ్ల కోసమే తీసుకెళ్లాను, ఇప్పుడు దాచి లాభం లేదు. ఆ రోజు చదివే వంతు సుగుణగారిది. ఆవిడ అలవాటు ప్రకారం తొందర లేకుండా చదివారు.

"అబ్బ, ఎక్కడా వేలు పెట్టడానికి సందు లేదండీ" అన్నాడు రఫీ. ప్రసాద్ ఆ రెండో పేరాను తన డైరీలో ఎక్కించుకున్నాడు కూడా.

సుగుణగారు కాగితం బల్ల మీద పెట్టారు. "అంటే కింద గదులు ఖాళీ చేసెయ్యాలి. పైన సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు. అంతేగా?"

నేను నవ్వాను. "కాదండీ, మీరు తిరగేసి చెబుతున్నారు. కింద ఉన్నది చెమ్మే, ప్రమాదమంతా పైనే."

ఆవిడ నవ్వలేదు. "మీకు తెలుసు కాబట్టి అలా అనిపిస్తోంది. నేను విన్నది చెబుతున్నాను. గట్టిగా చెప్పింది కింద గురించి, మెత్తగా చెప్పింది పైన గురించి. ఏది గట్టిగా చెబితే అదే ప్రమాదం అనుకుంటారు కదండీ ఎవరైనా?"

రఫీ ఆ కాగితం తీసుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు. చదివి కాగితాన్ని నా వైపు జరిపాడు. ప్రసాద్ డైరీ మూసేశాడు.

స్కూళ్లు తెరిచి అప్పటికే వారం. ముందురోజు సాయంత్రం నుంచి పల్నాడు వైపు వాన పడుతోందని పేపర్లో చూశాను. ఉత్తరం పంపి తొమ్మిది రోజులైంది, ఈపాటికి ఎప్పుడో అంది ఉంటుంది.

కింద ఉన్న ఎస్టీడీ బూత్ నుంచి సుబ్బారావుగారింటికి ఫోన్ చేశాను. ఒంగోలు వెళ్లారని, సోమవారంగానీ రారని ఆయన భార్య చెప్పారు. హాస్టలుకు ఫోన్ లేదు. ఆ ఊళ్లో పాస్టరుగారింట్లో ఒకటుంది, దానికి చేస్తే ఎంతసేపటికీ ఎత్తలేదు. సార్‌ని అడగకుండా నా అంతట నేను వెళ్లి చెబితే ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. సంతకం ఆయనది. ఇంజినీరు ఆయన. నేను టైపు చేసే అమ్మాయినని మొదటిసారి నాకే అనిపించింది.

సుగుణగారు నా వెనకే మెట్లు దిగి వచ్చారు. "వెళ్తారా?" అన్నారు.

"ఏం చెప్పాలండీ వెళ్లి? అది అంత ఖాయం కాదు కూడానండి."

"ఖాయం కాదనే చెప్పండి. ఖాయం అయ్యేదాకా పైన ఎవర్నీ ఉంచొద్దని చెప్పండి. రెండూ ఒకే నోటితో చెప్పొచ్చు."

ఆవిడ బస్టాండు దాకా నాతో రిక్షాలో వచ్చారు. ప్లాట్‌ఫారాల దగ్గరకు రాగానే ఆగిపోయి, "మీరు ఏ బస్సు ఎక్కుతారో నేను చూడకూడదు. వెళ్లి రండి" అని అటు తిరిగి నిలబడ్డారు. నియమం అంటే ఆవిడకు అంత. బస్సు కదిలేదాకా ఆవిడ అలాగే అటు తిరిగి ఉన్నారు.

పిడుగురాళ్లలో దిగి ఆటో ఎక్కి హాస్టలుకు చేరేసరికి మూడున్నర అయింది. వాన వెలిసింది గానీ ఆవరణంతా బురద. వార్డెన్ దేవదానంగారు రిటైరైన టీచరు. నన్ను చూసి ఎంత సంతోషించారో. "రండమ్మా, రండి. మీ ఉత్తరం అందిన రోజే కమిటీలో చదివి వినిపించాం. మా ఇంగ్లీషు మాస్టారు తెలుగులో చెప్పారు. చెప్పినట్టే చేసేశాం, చూద్దురుగాని" అంటూ ముందు నడిచారు.

కింద గదులన్నీ ఖాళీ. సున్నం కొట్టి, కిటికీలు బార్లా తెరిచి పెట్టారు. ట్రంకుపెట్టెల ఆనవాళ్లు నేల మీద చతురస్రాలుగా కనిపిస్తున్నాయి.

"మరి పిల్లలండీ?" అన్నాను.

"అందర్నీ పైకి ఎక్కించేశామమ్మా. కాస్త ఇరుకే. ఏం చేస్తాం, కింద ఉండకూడదని రాశారు కదా."

నేను రాసిన ఉత్తరం చదివి, పైన సగంమంది ఉండేచోట డెబ్భైమందినీ ఎక్కించారు. వారం రోజులుగా పిల్లలు అక్కడే పడుకుంటున్నారు. వరండాలో ఆ రెండు స్తంభాలు ఎదురుగా ఉన్నాయి. ఒకదాని పగులులోకి నా చిటికెన వేలు కొన దూరింది.

"మాస్టారూ, పిల్లల్ని ఇప్పుడే కిందికి దింపండి. ఈ స్తంభాలు బాగాలేవు. ఎంత బాగాలేవో మాకు ఇంకా తెలియదు. తెలిసేదాకా పైన ఒక్కరూ ఉండకూడదు."

ఆయన మొహం పాలిపోయింది. "అలాగని ఉత్తరంలో లేదు కదమ్మా. నేను మూడుసార్లు చదివాను."

"ఉందండీ. నేనే రాశాను. అర్థమయ్యేలా రాయలేదు."

ఆయన బెల్లు దగ్గరకు వెళ్లి తాడు పట్టుకుని, ఒక్క క్షణం ఆలోచించి వదిలేశారు. బెల్లు కొడితే అందరూ ఒక్కసారి మెట్ల మీదికి వస్తారు. మెట్లెక్కి గది గదికీ వెళ్లి, అయిదేసి మందిని దింపారు. నేను కింద నిలబడి లెక్కపెట్టాను. పెట్టెలూ చాపలూ మోసుకుంటూ పిల్లలు నవ్వుకుంటూ చర్చి వైపు వెళ్లారు, వాళ్లకదో ఆటవిడుపు. చివరి పిల్ల దిగింది, దేవదానంగారు కూడా దిగారు. అక్కడే అరుగు మీద కూలబడి ఏడ్చేశాను. ఆయన మంచినీళ్లు తెప్పించి ఇచ్చారు.

సోమవారం సుబ్బారావుగారికి జరిగింది చెప్పాను, ఉత్తరం నకలు బయటికి తీసుకెళ్లిన సంగతితో సహా.

"ఎవరు వెళ్లమన్నారు నిన్ను?"

"ఎవరూ అనలేదండీ."

ఆయన ఉత్తరం తెప్పించి చదివారు. సంతకం పెట్టినప్పుడు చదివినట్టు కాకుండా, వేలు పెట్టి లైను లైనూ చదివారు. తర్వాత జీపు తెప్పించుకుని బయల్దేరారు. ఆ సాయంత్రమే స్తంభాల ప్లాస్టరు ఊడగొట్టి చూస్తే లోపల ఇనుము పొరలు పొరలుగా రాలిపోయిందట. వెంటనే సరుగుడు దుంగలతో ప్రాపింగ్ చేయించారు, అంటే స్లాబు కిందికి రాకుండా తాత్కాలికంగా ఊతాలు పెట్టించడం. తర్వాత పై అంతస్తు పూర్తిగా తీసేయించారు. నన్ను ఆయన మెచ్చుకోలేదు, తిట్టనూ లేదు. బయటికి కాగితం తీసుకెళ్లినందుకు ఒక మెమో ఇచ్చారు. అది నాకు రావాల్సిందే. దాంతోపాటే ఆఫీసులో ఒక పద్ధతి పెట్టారు. ఏ ఉత్తరమైనా మొదటి వాక్యంలో, చదివినవాళ్లు ఈ రోజే ఏం చెయ్యాలో తెలుగులో ఉండాలి. కంచెలు ఎన్నున్నా దాని తర్వాతే.

మా శనివారం బల్ల దగ్గర కూడా మెచ్చుకోళ్లు తగ్గాయి. ఉత్తరం చదవడం అయ్యాక, విన్నవాళ్లు తాము ఏం చేస్తారో చెప్పాలి, రాసినవాళ్లు నోరెత్తకూడదు. నోరెత్తకుండా కూర్చోవడం ఎంత కష్టమో మొదటి నెలలోనే తెలిసింది.

ఆ దసరా ముందు దేవదానంగారు మా ఆఫీసుకు వచ్చారు. ఊళ్లో పండిన ఎండుమిరపకాయల మూట ఒకటి తెచ్చి నా బల్ల పక్కన పెట్టారు. అందరి ముందూ నాకు దణ్ణం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపేశాను.

"మీరు బాగానే రాశారమ్మా ఆ ఉత్తరం. మాకే చదువు చాల్లేదు" అన్నారు.

"కాదు మాస్టారూ, తప్పు నాదే" అన్నాను. ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకోలేదు. చదువుకున్నవాళ్లు రాసింది తప్పెలా అవుతుందని ఆయన నమ్మకం. ముప్పై ఏళ్లు పిల్లలకు చదువు చెప్పిన మనిషి, నా ఉత్తరం అర్థం కాలేదని తన మీదే వేసుకుని వెళ్లిపోయారు.

అప్పటి నుంచి ఇప్పటిదాకా వేల ఉత్తరాలు రాశాను. మీ ఉత్తరం అర్థం కాలేదని ఒక్క క్లయింటూ తిరిగి రాయలేదు. ఒకప్పుడు అది నా గొప్పతనం అనుకునేదాన్ని.