కుడివైపు పిట్ట

మా పక్కింటి అంకుల్ పోయారు. మంగళవారం పొద్దున్నే ఆంటీ మా తలుపు కొట్టి, "బాబూ, ఆయన లేవట్లేదు" అన్నారు. నేను వెళ్లేసరికే చెయ్యి చల్లబడిపోయింది. గోళ్ల సందున మాత్రం మా వ్యాన్‌కి వేసిన ఎర్రరంగు ఇంకా ఉంది.

మీరు ఆయన్ని చూసి ఉండరు. ఆయనది ఫిజీ. తాతలనాటి తెలుగు, మధ్యమధ్య హిందీ. జెట్ విమానాలు కొత్తగా దిగుతున్న రోజుల్లో ఆక్లాండ్ వచ్చి, ఎయిర్‌పోర్టు షెడ్డులో పని చేశారు. విమానాల తోకల మీద కంపెనీ గుర్తు, ఒక ఎర్రపిట్ట, చేత్తో వేసేవారు. మేముండే మనురేవా పేట మీదుగా ఏ విమానం పోయినా ముందు తోకే చూసేవారు. "అచ్ఛా, ఇదీ స్టిక్కరే" అని మొహం తిప్పుకునేవారు.

"ఏ పక్క వేసినా పిట్ట ముక్కు, విమానం ముక్కు ఒకేవైపు ఉండాల బాబూ. వెనక్కి చూసే పిట్టని నమ్మి జనం ఎట్లా ఎక్కుతారు?" ఈ మాట ఎన్నిసార్లు విన్నానో.

తర్వాత కంపెనీ గుర్తు మార్చింది. "పాత పిట్టల మీద తెల్లరంగు కొట్టమన్నారు. నా చేత్తోనే కొట్టినా" అని ఒక్కసారే చెప్పారు. ఆ పూట టీ ముట్టలేదు. ఆయన వేసిన పిట్ట లోకంలో ఒక్కటీ మిగల్లేదు.

నేను దోసెల వ్యాన్ కొని, స్టిక్కర్లు వేయించడానికి బయల్దేరితే గేటుకి అడ్డం నిలబడ్డారు. "నేను బతికుండగా స్టిక్కరా? సిగ్గులేదూ?"

"ఈ వ్యాన్ ఎగరదు అంకుల్!"

"నువ్వు డ్రైవ్ చేసేది చూస్తే నమ్మకం లేదు."

సోమవారం, "ముందు, విమానంలోకి జనం ఎక్కే పక్క" అంటూ ఎడమవైపు పిట్టని పూర్తి చేశారు. మెడ చాచి, ఎర్రగా, ఎంత బాగుందో! కుడివైపు సుద్దముక్కతో గీసి, "రంగు రేపు" అని చేతులు తుడుచుకుంటూ వెళ్లిపోయారు. ఆ రేపు మీద నాకింకా కోపం పోలేదు. నువ్వే రంగు నింపెయ్యి అన్నారెవరో. నా చెయ్యి ఆయన చెయ్యి ఎలా అవుతుంది?

దహనానికి ఆ వ్యాన్‌లోనే వెళ్లాను. అంతా అయిపోయి బయటికొచ్చేసరికి వాన. పరుగెత్తుకెళ్లి గొడుగు వ్యాన్ కుడివైపుకి పట్టాను. అందరూ చూశారు. చూడనీ. ఆంటీ తడుస్తూ వచ్చి, తన శాలువా తీసి అడ్డం పట్టారు. అప్పటికే రెక్కలు కారిపోయాయి.

"ముక్కు ముందుకే ఉంది కదా బాబూ?" ఏడుపులో ఆవిడకి ఏమీ కనబడటంలేదు.

"ముందుకే ఉంది ఆంటీ."

శాలువా కిందనుంచి తెల్లటి నీళ్లు మా కాళ్ల మీదకి కారుతూనే ఉన్నాయి.